సిలోసో కోట: కొన్ని తలంపులు

ఓడిపోయిన యుద్ధములను గూర్చి లోకము చెప్పుకొను కథలలో ఒక విశేషము కలదు. గెలుపునకు మనుష్యులును, ఓటమికి వస్తువులును కారణములని ఆ కథలు చెప్పును. గుఱ్ఱము కుంటినది, వంతెన కూలినది, మందు తడిసినది, ఫిరంగి తిరుగలేదు. వస్తువు ఎదురు చెప్పజాలదు గనుక నింద దానిమీద చక్కగా నిలుచును. 1942వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానువారి వశమైన నాటినుండి చదువుకొన్నవారు చెప్పుకొనుచున్న కథయు ఇట్టిదే. ఆ దీవియందలి ఫిరంగులన్నియు సముద్రమువైపునకే నిలుపబడియుండెననియు, శత్రువు వెనుకనుండి నేలమార్గమున రాగా అవి ఇటు తిరుగజాలకపోయెననియు, అందుచేతనే అంతటి దుర్గము పడిపోయెననియు ఆ కథ. దూరదృష్టి లేని పనికి ఉపమానముగా ఉపన్యాసములలో ఇది తఱచుగా వినబడును. ఇందు సత్యమెంతయో తెలిసికొనుటకు గడచిన వేసవి సెలవులలో నాకొక అవకాశము కలిగినది.

నా తమ్ముడు ఉద్యోగరీత్యా కొన్ని సంవత్సరములుగా సింగపూరున కాపురమున్నాడు. పదుమూడేండ్ల వాని కూతురునకు ఈ యుద్ధచరిత్ర బడిలో పాఠము. "పెదనాన్నా, మీరు మాస్టారు గదా, సిలోసో కోట చూడకుండ ఎట్లు వెళ్లెదరు?" అని ఆ పిల్ల పట్టుపట్టినది. ఒక ఆదివారమునాడు ముగ్గురమును కలిసి పోయితిమి.

ఆ కోట సెంటోసా యను చిన్న దీవియొక్క పడమటి కొనయందున్నది. సింగపూరునకు దక్షిణముగా, ఓడరేవునకు ఆశ్రయమైన సన్నని జలసంధికి ఆవల, ఆ దీవి అడ్డుగోడవలె పడియున్నది. సింగపూరనగా సింహపురమే యనియు, సెంటోసా యనునది మన సంతోషశబ్దమే యనియు నేను చెప్పగా ఆ బాలిక నమ్మలేక తండ్రి మొగము చూచినది. మన మాటలు ఏనాడో ఓడలెక్కి పోయి, మలయభాషలో కాపురముండి, అచ్చటి పిల్లల నోట అచ్చటి మాటలై నిలిచినవి. అయితే ఈ దీవికి సంతోషనామము ప్రాచీనమైనది కాదు. 1970వ సంవత్సరపు ప్రాంతములవఱకు దీనిని పులావ్ బ్లాకాంగ్ మాతి యనెడివారు. పులావ్ అనగా దీవి, బ్లాకాంగ్ అనగా వెనుక, మాతి యనగా మరణము. వెనుక మృత్యువు గల దీవి యని స్థూలార్థము. ఆ పేరెట్లు వచ్చినదో పలువురు పలువిధములుగా చెప్పుదురు. విహారస్థలముగా దీవిని దిద్దదలచిన ప్రభుత్వమువారు ఆ భయంకరమైన పేరును విడిచి ఈ శుభనామము పెట్టిరి. నేడు అచ్చట వినోదశాలలును, జలక్రీడలును, పూటకూళ్ల మేడలును నిండియున్నవి. ఆ సందడికి చివరగా, చెట్ల గుబురులో, కోట కలదు.

కోటకు పోవుటకు 2015లో ఉక్కుస్తంభములపై ఒక ఆకాశమార్గము కట్టినారు. అది 11 అంతస్తుల ఎత్తున, 181 మీటరుల పొడవున చెట్ల తలలమీదుగా పోవును. లిఫ్టు కలదు, మెట్లును కలవు, రుసుము లేదు. ఆ ఎత్తుమీద నిలిచి చూడగానే, చరిత్ర చదువనివానికి గూడ ఇచ్చట కోట ఏల కట్టిరో బోధపడును. ఒక ప్రక్క కెప్పెల్ రేవు, మఱియొక ప్రక్క చిన్న చిన్న దీవులు, నడుమ బారులుతీరి నిలిచిన ఓడలు. రేవులోనికి పడమటినుండి వచ్చు ప్రతి యోడయు ఈ కొండక్రిందుగా రావలసినదే. 1869లో సూయజు కాలువ తెఱవబడిన పిమ్మట తూర్పు సముద్రముల వర్తకము పెరిగినది. పొగయోడలకు బొగ్గు నింపుకొనుటకు ఈ రేవు ముఖ్యస్థానమైనది. 1870 తరువాతి సంవత్సరములలో ఆంగ్లేయులు సిలోసో కొండ శిఖరమును చదునుచేసి ఫిరంగులు పెట్టిరి. ఎదుటి యొడ్డున లాబ్రడార్ అను మెట్టమీదను అట్లే పెట్టిరి. రెండు దిక్కులనుండి తలుపు రెక్కలవలె ఇవి రేవు ముఖద్వారమును కాచుచుండెడివి.

గోలకొండనో కొండపల్లినో తలచుకొని పోయినవానికి ఇది కోటగా తోచదు. ఎత్తైన గోడలు లేవు, బురుజులు లేవు, సింహద్వారము లేదు. కొండలోనికి తొలిచిన సొరంగములు, సిమెంటు గుంటలు, వానిలో ఫిరంగులు, క్రింద మందుగదులు, పైన శత్రునౌకల దూరమును కొలిచి ఆజ్ఞలిచ్చు గది. నింగినుండియు నీటినుండియు ఎంత తక్కువగా కనబడిన అంత మంచిదని కట్టిన కట్టడమిది. ఆ కాలపు మందుగదులను గూర్చి ఒక సంగతి చెప్పవలయును. మందున్న గదిలో దీపము పెట్టరాదు. దీపము లేనిదే పని జరుగదు. అందుచేత గోడలో గూడు కట్టి, మందువైపున దానికి దళసరి అద్దము బిగించి, వెనుకనున్న వేఱు నడవనుండి దీపము వెలిగించెడివారు. వెలుగు లోపలికి వచ్చును, నిప్పు రాదు. ఒక్క రవ్వ గూర్చి ఇంత జాగ్రత్తపడిన బుద్ధి మఱియే విషయమున ఆదమఱచినదని ప్రశ్నించుకొనుచు నేను ఆ సొరంగములలో నడచితిని.

1942లో ఇచ్చట 6 అంగుళముల ఫిరంగులు రెండుండెను. వాని గుండొక్కటి సుమారు 45 కిలోగ్రాముల బరువు. లొంగిపోవుటకు ముందు ఫిరంగిదళమువారే తమ ఫిరంగులను చెఱచివేసిరి. నేడు పలుకాలములకు చెందిన ఫిరంగులను వరుసగా నిలిపి, మైనపు సైనికులను చేర్చి, వీక్షకులకు ఆనాటి పని తెలియునట్లు అమర్చినారు. 1942లో ఫోర్డు మోటారు కర్మాగారమున ఆంగ్లేయ సేనాపతి పర్సివల్ జపాను సేనాపతి యమషితకు లొంగిపోవుటయు, 1945 సెప్టెంబరు 12వ తేదీన జపానువారు తిరిగి లొంగిపోవుటయు మైనపు బొమ్మలతో ప్రక్కప్రక్కనే చూపబడినవి. 2022 ఫిబ్రవరి 15వ తేదీన, పతనమునకు సరిగా 80 సంవత్సరములు నిండిన దినమున, ప్రభుత్వమువారు ఈ కోటను జాతీయస్మారకముగా ప్రకటించిరి. తాము ఓడిపోయిన తేదీని మఱువక, దానినే స్మరణదినముగా నిలుపుకొను జాతియందు ఏదో ధైర్యమున్నదని నాకు తోచినది.

ఇక ఫిరంగుల కథ. సింగపూరుకు ఉత్తరభాగమున గొప్ప నౌకాస్థావరమొకటి కట్టవలెనని ఆంగ్లేయులు 1921లో నిశ్చయించి, సుమారు 6 కోట్ల పౌనులు వెచ్చించి, 1938 ఫిబ్రవరిలో దానిని తెఱచిరి. జపాను యుద్ధమునకు దిగినయెడల ఇంగ్లండునుండి మహానౌకాదళము బయలుదేరి ఇచ్చటికి వచ్చుననియు, అది వచ్చువఱకు తీరపు ఫిరంగులు శత్రునౌకలను దూరముగా నిలుపవలయుననియు వారి యూహ. దీవియంతటను ఫిరంగిస్థానములు వెలసినవి. అన్నిటికంటె పెద్దవి 15 అంగుళముల ఫిరంగులు అయిదు. వానిలో మూడు తూర్పుకొనయందు చాంగీ వద్ద నుండెను. జొహోరు సుల్తాను ఆంగ్లచక్రవర్తియొక్క 1935వ సంవత్సరపు రజతోత్సవమునకు కానుకగా నిచ్చిన 5 లక్షల పౌనులలో ఎక్కువభాగము వీనికే వ్యయమైనందున ఆ స్థానమునకు జొహోరు బ్యాటరీ యని పేరు. వాని గుండొక్కటి 800 కిలోగ్రాములకు పైబడిన బరువు. యుద్ధానంతరము ఆ సొరంగములు పూడుకొనిపోయి, జనులు మఱచిపోగా, 1991లో చెఱసాల శాఖవారికి అవి తిరిగి కనబడినవి. నేడు అచ్చట ఒక నకలు ఫిరంగి నిలుపబడియున్నది. మఱునాడు దానినిగూడ పోయి చూచితిమి.

ఈ ఫిరంగులు తిరుగలేదనుట నిజము కాదు. కొన్నిటికి భూమివైపు తిరుగుటకు వీలులేకపోయిన మాట నిజమే గాని, పెక్కు ఫిరంగులు తిరిగినవి, కాల్చినవి. జొహోరు బ్యాటరీ ఫిరంగులు నేలమీదుగా వచ్చు శత్రువుపై గుండ్లు వేసినవి. సిలోసో ఫిరంగులును పడమటి తీరముమీదుగా వచ్చుచున్న జపాను సేనలపై కాల్చి, చమురు శత్రువునకు చిక్కకుండుటకై సమీపపు దీవులలోని చమురుతొట్లను తగులబెట్టినవి. కాని వానికి సరఫరాచేసిన గుండ్లలో అధికభాగము నౌకల ఉక్కుపలకలను ఛేదించుటకు చేసినవి. అట్టి గుండునకు మొన గట్టిది, లోపలి మందు తక్కువ. దళసరి ఉక్కును తొలుచుకొనిపోయి ఓడలో పేలుట దాని ధర్మము. మెత్తని నేలపై పడిన అది లోతుగా దిగబడిపోవును. చెట్లలో విడివిడిగా వచ్చు కాలిబంటులకు దానివలన హాని తక్కువ. చీమల బారును రోకలితో మోదినట్లు. ఫిరంగి తిరిగినది, తిరిగియు చేయగలిగినది స్వల్పము. ఏ శత్రువు వచ్చునని యూహించి దానిని చేసిరో ఆ శత్రువు ఆ దారిని రాలేదు.

ఇది విని నా తమ్ముని కూతురు, "అయితే పెదనాన్నా, వెనుకనుండి వచ్చుదురని ఎవరికిని తోచలేదా?" అని యడిగినది. తోచినది. 1941 డిసెంబరు 8వ తేదీన జపానువారు మలయాద్వీపకల్పమునకు ఉత్తరమున కోటాబారు వద్ద దిగిరి. 10వ తేదీన ఆంగ్లేయుల రెండు మహానౌకలు, ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనునవి, జపాను విమానముల దెబ్బకు మునిగిపోయినవి. జనవరి చివరిదినమునకు ఆంగ్లసేన దీవిలోనికి వెనుదీసి, జలసంధిమీది కట్టను పేల్చివేసినది. ఈ మధ్యకాలమున, దీవియొక్క ఉత్తరతీరమున రక్షణపు పనులు చేయింపవలసినదని ముఖ్య ఇంజనీరు సిమ్సన్ సేనాపతిని పట్టుపట్టి యడిగినాడు. అట్టి పనులు చూచిన సైనికులకును జనులకును ధైర్యము చెడునని సేనాపతి ఒప్పుకొనలేదని సిమ్సన్ తరువాత తన గ్రంథమున వ్రాసినాడు. ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి జపానువారు ఆ యుత్తరతీరముననే దాటిరి. వారము దినములలో అంతయు ముగిసినది.

జనులకు ధైర్యము చెడునని భయపడిన ప్రభువులు జనులను ఎట్లు చూచిరో విచారింపవలయును. 1941 డిసెంబరు నడుమ పెనాంగు దీవి నిలువదని తెలియగానే, అచ్చటి యూరోపియనులను రాత్రివేళ రహస్యముగా ఓడలెక్కించి తరలించిరి. చీనావారిని, మలయులను, భారతీయులను వారి యదృష్టమునకు విడిచిపెట్టిరి. కోటమీది బ్రిటిషు జెండాను దింపుటకైనను అధికారి మిగులలేదు. జపాను విమానముల బాంబులను ఆపుటకై 'స్ట్రెయిట్స్ ఎకో' పత్రికాసంపాదకుడగు శరవణముత్తు దానిని దింపవలసివచ్చినది. ఇంతవఱకు మనలను రక్షించెదమనిన వారు వీరేనా యని ఆ దేశపు జనులు ఆనాడు అనుకొన్నది తరువాత ఎన్నడును మఱువలేదు.

సిలోసో కోటకు ఎదుట, జలసంధికి ఆవలి యొడ్డుననున్న పాసిర్ పాంజాంగ్ మెట్టలలో, ఫిబ్రవరి 13, 14 తేదీలయందు మలయ పటాలమువారు జపానువారితో కడవఱకు పోరాడిరి. ఆ పటాలము 1933లో 25 మందితో, పరీక్షార్థముగా, ఆరంభింపబడినది. అంతకుముందు ఆ దేశపువాడు సైనికుడగుటకు తగునా తగడా యను సందేహమే ప్రభువులకు తీరలేదు. 6 కోట్ల పౌనుల స్థావరము కట్టుచున్న కాలముననే 25 మంది దేశీయులతో పరీక్ష! చీనావారిలో జపానువారిపై పగగల యువకులు వేలకొలది యుండగా, వారిని స్వచ్ఛందదళముగా కూర్చుట 1941 డిసెంబరు చివరనే జరిగినది. వారికి చాలినన్ని తుపాకులు లేవు, నేర్పుటకు దినములు లేవు. అయినను వారు పోరాడిరి. తెల్లవారికి మాత్రమే ప్రవేశముగల క్లబ్బులు ఆ పట్టణమున తుదివఱకు అట్లే యుండెను.

కౌటిల్యుడు రాజ్యమునకు ఏడంగములు చెప్పినాడు: స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు. ఈ వరుస ఊరక పెట్టినది కాదు. ఏ యంగమునకు కలిగిన కీడు ఎక్కువ హానికరమో విచారించుచు, జనపదమునకు కీడు కలుగుటకంటె దుర్గమునకు కలుగుటయే ప్రమాదమని వాదించిన పూర్వాచార్యుల మతమును ఆయన యెత్తి చూపి త్రోసిపుచ్చినాడు. కోటయు, బొక్కసమును, సైన్యమును జనపదమును ఆధారము చేసికొనియే నిలుచునని ఆయన సిద్ధాంతము. జనపదమనగా పొలములు మాత్రమే కావు, వానిలో కష్టించు మనుష్యులు. ఈ చిన్నమాటను రెండువేల యేండ్ల తరువాత గొప్ప సామ్రాజ్యమొకటి గుర్తింపలేకపోయినది. పది లక్షల జనమున్న పట్టణమును కాచుటకు ఫిరంగులను తెచ్చినది గాని ఆ పది లక్షలమందిని కావలివారినిగా ఎంచలేదు. ఫిరంగి తిరుగలేదను కథ ఇందుకే అంత ప్రీతికరమైనది. అది నిలిచినంతకాలము ఈ ప్రశ్న అడుగువారుండరు.

కోటనుండి దిగి వచ్చునపుడు ఆ దీవి తీరమున జరిగిన మఱియొక సంగతి నా తమ్ముడు చెప్పినాడు. పట్టణము పడిపోయిన కొలది దినములకు జపానువారు చీనా పురుషులను పోగుచేసి, విరోధులని అనుమానించినవారిని వేలకొలది చంపిరి. కొందఱిని ఓడలలో సముద్రముమీదికి తీసికొనిపోయి కాల్చిరి. వారి శవములు బ్లాకాంగ్ మాతి తీరమునకు కొట్టుకొనివచ్చినవి. లొంగిపోయి, చెఱకు పోవలసిన ఆజ్ఞకై ఎదురుచూచుచున్న ఆంగ్లేయ ఫిరంగిదళమువారు సుమారు 300 శవములను ఆ యొడ్డున పూడ్చిపెట్టిరి. ఎవరిని కాచుటకై ఆ దీవిపై ఫిరంగులు నిలిచెనో వారి కళేబరములను ఆ ఫిరంగులవారే మట్టిలో దాచవలసివచ్చినది. నేడు ఆ ప్రాంతమున పచ్చిక బయళ్లు, ఆటస్థలములు. ఒక చిన్న గుఱుతుపలక ఆ సంగతి చెప్పుచున్నది. ఆ మాట విన్న పిమ్మట సెంటోసా యను పేరును నేను మునుపటివలె పలుకలేకపోయితిని. పేరు మార్చినవారిని నిందించుటలేదు. దుఃఖించిన చోట పిల్లలు నవ్వుట మంచిదే. పలక మాత్రము ఉండవలయును.

ఇంటికి వచ్చిన తరువాత ఆ పిల్ల తన పాఠ్యపుస్తకము తెఱచి చూపుచు, "ఇందులో ఆంగ్లేయులున్నారు, జపానువారున్నారు, చీనావారు, మలయులున్నారు. మన తెలుగువారు ఎచ్చట నుండిరి, పెదనాన్నా?" అనినది. ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పుట కష్టము. భారతీయులు లేకపోలేదు. లొంగిపోయిన సేనలో సగమునకు దగ్గఱగా భారతీయ సైనికులే. ఫిబ్రవరి 17వ తేదీన ఫారర్ పార్కు మైదానమున 40,000 మందికి పైబడినవారిని కూర్చి జపానువారికి అప్పగించిరి. ఆజాద్ హింద్ ఫౌజు కథ అచ్చటనే ఆరంభమగును. దానిని మనవారు అంతో యింతో ఎఱుగుదురు. కాని తెలుగువారిలో ఎక్కువమంది మలయాదేశమున సైనికులుగా లేరు. కంగాణీల వెంట సముద్రము దాటిపోయి, రబ్బరు తోటలలోను, పేరాక్ సీమయందలి బాగాన్ డాతో ప్రాంతపు కొబ్బరితోటలలోను కూలిచేసికొను పేదలు వారు. వారు ఏ కోటలోను లేరు. ఏ ఫిరంగియు వారి పాకలవైపు కావలి కాయలేదు.

యుద్ధముతో రబ్బరు ఎగుమతి నిలిచిపోయినది. కూలి లేదు, బియ్యము లేదు. అంతట జపానువారు సయాము దేశమునుండి బర్మాకు 415 కిలోమీటరుల రైలుమార్గము వేయ సంకల్పించి, మలయా తోటల కూలీలను మంచి కూలి, మంచి తిండి యను మాటలతో కొందఱిని, బలవంతముగా మఱికొందఱిని, రైలుపెట్టెలలో నింపి పంపిరి. వారిలో అఱవవారు అధికము. తెలుగువారును, మలయాళులును, మలయులును ఉండిరి. 1943 అక్టోబరునకు మార్గము పూర్తియైనది. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు, వీనివలన ఆ దారివెంట చనిపోయిన ఆసియాదేశపు కూలీలు 80,000 మొదలు 1,00,000 వఱకు నుందురని అంచనా. అదే మార్గమున పనిచేసి చనిపోయిన యుద్ధఖైదీలు 12,000 మందికి పైబడినవారు. ఖైదీలలో వైద్యులుండిరి, పేర్ల పట్టికలు వ్రాసికొను అధికారులుండిరి. అందుచేత వారిలో పెక్కురకు కాంచనబురిలో పేరు చెక్కిన రాయి కలదు. కూలీలకు వైద్యుడు లేడు, పట్టిక లేదు. చాలమందికి పేరుగల గోరియు లేదు. ఏ యూరినుండి వచ్చిరో, వెనుక ఎవరు కనిపెట్టుకొనియుండిరో చెప్పు కాగితము లేదు. కాంచనబురి అనగా కాంచనపురమే. అదియు మన మాటయే యని ఆ బాలికకు చెప్పవలెనని తోచినది గాని నోరు రాలేదు.

సింగపూరు పతనము మనకు దూరపు వార్త కాదు. ఆ రేవు చేతికి రాగానే బంగాళాఖాతపు ద్వారము జపానువారికి తెఱచుకొన్నది. ఏడు వారములలో, 1942 ఏప్రిల్ 6వ తేదీన, వారి విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసినవి. జనులు మూటలు తలనెత్తుకొని లోపలి యూళ్లకు పరుగెత్తిరి. ఆ యేటనే ఆంధ్ర విశ్వవిద్యాలయము వాల్తేరు విడిచి గుంటూరునకు తరలిపోయినది. చెన్నపట్టణమున ప్రభుత్వ కార్యాలయములే లోపలి పట్టణములకు లేచిపోయినవి. విశాఖ సముద్రతీరపు దారిలో కోస్టల్ బ్యాటరీ యను ప్రదేశము నేటికిని ఆ పేరుతోనే పిలువబడుచున్నది. ఆటోవాడు ఆ పేరు కేకవేయును, ప్రయాణికుడు దిగిపోవును. బ్యాటరీ యనగా ఫిరంగుల వరుస యని తలచువారరుదు. పేరు మిగిలి అర్థము పోవుట ఇట్లుండును. సెంటోసాలో పేరు మార్చిరి గాని అర్థమును పలకలమీద వ్రాసి ఉంచిరి. మనము పేరు మార్చలేదు, అర్థమును వ్రాయలేదు. ఈ రెంటిలో ఏది మేలో చదువరులే నిర్ణయింపవచ్చును.

ఈ కోటనుండి మన సంఘము గ్రహింపవలసినది నాకు తోచినంతవఱకు చెప్పెదను. మనకును సముద్రమువైపు ఫిరంగులు నిలుపు అలవాటు చాలకాలమునుండి కలదు. పరాయి మతము, పరాయి భాష, పరాయి వేషము వచ్చిపడునని ఒక దిక్కునకే కన్నులప్పగించి ఉపన్యసించువారు మనలో కొదువలేదు. ఇంటి వెనుక వాకిట ఏమున్నదో వారు చూడరు. ఊరివారితో సమానముగా నీరు తోడుకొననీయక మనము దూరముంచిన వాడ అచ్చటనే యున్నది. చదువు మాన్పించి పెండ్లిచేసిన పిల్లయు అచ్చటనే యున్నది. కూలిదొరకక ఏజెంటుచేతికి సొమ్ముపోసి గల్ఫుదేశములకు పోయి, ఉత్తరము రాక, శవముగానైన తిరిగిరాని వాని తల్లి అచ్చటనే యున్నది. నాటి కంగాణికిని నేటి ఏజెంటుకును వేషమునందే భేదము. తనవారిని కావలివారినిగా ఎంచని కోట ఎంత యెత్తుగా కట్టినను, దానిలో నున్నవారికి అది కోట కాదు. వారు దానికై ప్రాణములిచ్చెదరని ఎదురుచూచు హక్కు కట్టినవానికి లేదు.

రెండవది చేయదగిన చిన్న పని. శ్రీకాకుళము మొదలు గోదావరి తీరములవఱకు, చిత్తూరు సీమయందును, మలయాకో బర్మాకో పోయి తిరిగిరాని తాతను గూర్చి, ముత్తాతను గూర్చి లీలగా చెప్పుకొను ఇండ్లెన్నియో యున్నవి. "రంగము పోయినాడు, రాలేదు" అను ఒక్కమాటతో ఆ మనుష్యుని జీవితము ముగియుచున్నది. ఆ మాట చెప్పగలవారును ఇపుడు వృద్ధులు. వారు పోయిన తరువాత ఆ యొక్క మాటయు నుండదు. ఇంట పుస్తకము పట్టగల పిల్లలున్నచో వారిచేత ఆ పేరును, ఊరును, ఏ యేట పోయినాడో, ఏ ఓడయెక్కినాడో, వెనుక ఎవరిని విడిచినాడో తెలిసినంత వ్రాయించుడు. తెలియనిచోట ఖాళీ విడువుడు. ఫిరంగులకు పలకలు పెట్టుటకు ప్రభుత్వములున్నవి, పేరులేని కూలికి వానివారే పలక పెట్టవలయును. నా తమ్ముని కూతురునకు ఆ ప్రశ్నకు బదులుగా నేనొక నోటుపుస్తకము కొనియిచ్చితిని. వారి బడిలో తెలుగు చదువు పిల్లలు మఱి నలుగురున్నారట. వారి యిండ్లలో ఎవరి పూర్వులైన తోటలకు పోయినవారున్నారేమో ముందుగా అడుగవలసినదని చెప్పితిని. ఆ పిల్ల మొదటి పుటమీద ఆ నలుగురి పేర్లు వ్రాసికొని, ఎవరిని ముందడుగవలెనో ఆలోచించుచు కూర్చున్నది.